అత్తయ్య ఉంగరంలో రంగు మారే రాయి: అలెగ్జాండ్రైటేనా? చెన్నైలో ఎవరికి చూపించాలి?

అన్నానగర్_అనురాధ
మా అత్తయ్య మొన్న తన ఉంగరం నా చేతిలో పెట్టారు. మావయ్య 1970ల్లో కొలంబోలో కొన్నారట, అప్పట్లో ఆయన ఓడల కంపెనీలో పనిచేసేవారు. రాయి పగలు కిటికీ దగ్గర నీలంగా, కాస్త బూడిద కలిసినట్టుంటుంది. పూజగదిలో దీపం ముందుకి తెస్తే వంకాయ రంగుకి తిరుగుతుంది. ఇంట్లో అందరూ ఇన్నేళ్ళూ దాన్ని అలెగ్జాండర్ రాయి అనే అంటున్నారు.

టీ నగర్‌లో రెండు కొట్లకి తీసుకెళ్ళాం. మొదటి కొట్లో పెన్నులాంటిది ఒకటి ఆనించి చూసి, "రాయికి విలువ లేదమ్మా, బంగారం తూకానికైతే తీసుకుంటాం" అన్నారు. రెండో కొట్టాయన లైటు కింద అటూ ఇటూ తిప్పి, "అలెగ్జాండ్రైటే, 60 వేలిస్తా, ఇవాళే చెప్పాలి" అన్నాడు. మాకు అమ్మే ఉద్దేశం లేదు. కానీ అదేమిటో తెలియాలి. ఇద్దరు ఆడపడుచులున్నారు, రేపు పంపకాల దగ్గర మాట రాకూడదు. రాయి మూడు క్యారెట్లుంటుందని ఆ రెండో కొట్టాయన అంచనా. నమ్మకంగా చూసి చెప్పేవాళ్ళెవరు?

వేళచ్చేరి_కిట్టు
ఇవాళే చెప్పాలన్నాడంటే అది ఆరు లక్షల రాయి అక్కా. ఇవ్వకండి.

పాత_మద్రాసు
కిట్టూ, కొట్లో కూర్చున్న ప్రతివాడూ అదే మాటంటాడు, రాయికైనా రాగిచెంబుకైనా. దాన్నిబట్టి ధర కట్టలేం. అనురాధ గారూ, కొలంబో నుంచి వచ్చిన ఈ అలెగ్జాండర్ రాళ్ళు జార్జిటౌన్ తెలుగిళ్ళలో చాలా చూశాను. అప్పట్లో రామేశ్వరం నుంచి శ్రీలంకలోని తలైమన్నారుకి ఓడ తిరిగేది, పోయొచ్చేవాళ్ళు ఎక్కువ. వాటిలో చాలామటుకు చేసిన రాళ్ళే. పెద్దగా ఆశ పెట్టుకోకండి.

కొలత్తూరు_కుమారి
చేసిన రాళ్ళంటే గాజా?

పది_రెట్ల_అద్దం
గాజు కాదు కుమారి గారూ, కురువిందం. కెంపూ నీలమూ ఏ ఖనిజమో అదే, కాకపోతే కొలిమిలో పుట్టింది. పొడిని మంటలో కరిగించి కెంపు పెంచే పద్ధతిని 1902లో వెర్నూయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బయటపెట్టాడు. ఆ పొడిలో కొంచెం వెనేడియం కలిపితే పగలు బూడిద నీలం, దీపం దగ్గర ఊదా. దశాబ్దాలుగా దీన్ని అలెగ్జాండ్రైట్ అని పేరు పెట్టి దేశదేశాల్లో ప్రయాణికులకి అంటగడుతున్నారు. మన పక్కనే తిరుచ్చిలో సింథటిక్ రాళ్ళు సానపట్టడం మీద తరాలుగా బతికిన కుటుంబాలున్నాయి. వాళ్ళు చేసింది మోసం కాదు. అక్కడ సింథటిక్ అని చెప్పి అమ్మిన సరుకు నాలుగు చేతులు మారేసరికి అసలైపోతుంది.

అసలు అలెగ్జాండ్రైట్ వేరే ఖనిజం, క్రిసోబెరిల్. బెరీలియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసినది. అందులో అల్యూమినియం ఉండాల్సిన చోట అక్కడక్కడ క్రోమియం చేరితే రంగు మారే గుణం వస్తుంది. మంచిదైతే పగలు ఆకుపచ్చ, లేదా నీలం కలిసిన పచ్చ. దీపం దగ్గర ఎరుపు, లేదా ఊదా కలిసిన ఎరుపు. అనురాధ గారు చెప్పిన రంగుల జత విని నాకు కురువిందం మీదికే పోతోంది మనసు. అయితే కురువిందం అనగానే కొలిమిది అనుకోవడానికి లేదు. భూమిలో పుట్టి రంగు మారే నీలాలు శ్రీలంకలో ఉన్నాయి. కాబట్టి సింథటిక్ కురువిందమా, సహజమైన నీలమా, అలెగ్జాండ్రైటా అన్న మూడు ప్రశ్నలూ ఇంకా తెరిచే ఉన్నాయి.

పెన్ను ఆనించిన కొట్టు మాట పట్టించుకోకండి. అది వజ్రం పెన్ను. రాయి వేడిని ఎంత తొందరగా లాగేస్తుందో చూసి వజ్రమా కాదా చెబుతుంది. రంగురాయి పుట్టుక దానికి తెలియదు.

వేళచ్చేరి_కిట్టు
అలెగ్జాండర్ అంటే పురుషోత్తముడితో యుద్ధం చేసినాయనేనా?

పది_రెట్ల_అద్దం
కాదు కిట్టూ, రష్యా జార్ రెండో అలెగ్జాండర్. 1830ల్లో ఉరల్ కొండల్లో, పచ్చల గనుల దగ్గర ఈ రాయి బయటపడింది. అప్పటికి ఆయన ఇంకా యువరాజు, ఆ పేరు పెట్టారు. సరిగ్గా ఆయన పుట్టినరోజునే దొరికిందని చెప్పేది కథ. ఎరుపు, ఆకుపచ్చ ఆనాటి రష్యా సైన్యం రంగులు కావడంతో దర్బారులో దీనికి గిరాకీ పెరిగింది.

మాంబళం_శాస్త్రి
1830ల్లో బయటపడిన రాయిని మన చెన్నైలో కొందరు జ్యోతిష్కులు ఫలానా గ్రహానికని రాసిస్తున్నారు. నవరత్నాల్లో ఇది లేదు. పాత రత్నపరీక్ష గ్రంథాల్లో ఉండే అవకాశమే లేదు. నేను జాతకాలు నమ్మేవాణ్ణి, చూసేవాణ్ణి కూడా, అందుకే చెబుతున్నాను: శాస్త్రం పేరు చెప్పి దీన్ని అమ్మేవాళ్ళని ఏ గ్రంథమో చూపించమని అడగండి.

పది_రెట్ల_అద్దం
శాస్త్రి గారన్నది నిజం. ఒక చుట్టరికం మాత్రం ఉంది. కేతువుకి పెట్టుకునే వైడూర్యం, పిల్లికన్ను రాయి, అదీ క్రిసోబెరిలే. రెండు లక్షణాలూ కలిసిన రాయి, అంటే పిల్లికన్ను గీత ఉండి రంగు కూడా మారేది, అరుదుగా కనిపిస్తుంది.

మాంబళం_శాస్త్రి
చుట్టరికం ఉన్నంత మాత్రాన వైడూర్యం బదులు పెట్టుకోవచ్చని మాత్రం ఎవరూ అనుకోకండి.

అన్నానగర్_అనురాధ
అద్దం గారూ, చాలా థాంక్స్. రాయి వెనక తెరిచే ఉంది, వెలుతురు ఇటు నుంచి అటు పోతోంది. ఫొటోలు తీశాను కానీ ఫోన్‌లో రెండూ ఒకే రంగులో వస్తున్నాయి, కంటికి కనిపించేదేమో వేరు. ఇంకోటి, మా ఇంట్లో ట్యూబ్‌లైటు కింద అసలు మారదు. దీపం దగ్గరే. ఇది లోపమా?

లెక్కల_మాస్టారు
లోపం కాదమ్మా, రాయి చేసే పనే అది. నేను ఇక్కడ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, కొంచెం విడమరుస్తాను.

అలెగ్జాండ్రైట్‌లోని క్రోమియం పసుపు ప్రాంతపు వెలుగుని, సుమారు 580 నానోమీటర్ల దగ్గర, మింగేస్తుంది. ఊదా వైపు కూడా మింగుతుంది. మిగిలేవి రెండే కిటికీలు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. ఈ రెండూ తక్కెడ సిబ్బెల్లా ఇంచుమించు సరిసమానంగా ఉంటాయి. ఏ వెలుగు పడితే ఆ సిబ్బె కిందికి దిగుతుంది. పగటి వెలుగులో పచ్చ భాగం పుష్కలం, మన కన్ను కూడా పచ్చకే ఎక్కువ స్పందిస్తుంది, కాబట్టి రాయి పచ్చగా కనిపిస్తుంది. దీపం, కొవ్వొత్తి, పాత ఫిలమెంటు బల్బు వీటి వెలుగులో ఎరుపు భాగం చాలా ఎక్కువ. అక్కడ రాయి ఎర్రబడుతుంది. వెనేడియం కలిసిన కురువిందంలోనూ ఇదే సూత్రం, కిటికీలు కొంచెం వేరే చోట ఉంటాయి, అందుకే నీలం, ఊదా.

ఇప్పుడు ఇళ్ళలో ఉన్న తెల్ల ట్యూబ్‌లైట్లు, ఎల్ఈడీలు పగటి వెలుగుకి దగ్గరగా చేసినవి. వాటి కింద మార్పు కనిపించదు. పసుపుగా వెలిగే ఎల్ఈడీ కింద కొంత కనిపించొచ్చు, కానీ ఒక్కో కంపెనీ బల్బు ఒక్కో రకం. ఇంట్లో చూడాలంటే మధ్యాహ్నం ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర ఒకసారి, రాత్రి లైట్లన్నీ ఆర్పి దీపం దగ్గర ఒకసారి చూడండి. ఓవెన్ ఉన్నవాళ్ళ ఇంట్లో లోపలి బల్బు ఇప్పటికీ ఫిలమెంటుదే ఉంటుంది చాలామటుకు, అదీ పనికొస్తుంది.

తిరువాన్మియూర్_ఫొటో
ఫోన్ గురించి నేను చెబుతా. ఫోన్ కెమెరా తెల్ల కాగితాన్ని ఎక్కడైనా తెల్లగా చూపించాలని తనంతట తాను రంగు సరిచేసుకుంటుంది. దీపం వెలుగులోని ఎరుపుని తీసేస్తుంది. మీ రాయి మార్పు అక్కడే మాయమవుతోంది. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది: ఆ సెట్టింగుని చేత్తో లాగితే రంగు మారని రాయిని కూడా మార్చి చూపించొచ్చు. వీడియో చూసి రాళ్ళు కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయమనండి. కాగితం కూడా గులాబీ రంగుకి తిరిగితే వాడు కెమెరాని తిప్పుతున్నట్టు.

పల్లావరం_ప్రసాద్
ఈ థ్రెడ్డు నాకు సరిగ్గా టైముకి దొరికింది. నాకొకాయన 2.1 క్యారెట్ల అలెగ్జాండ్రైట్ ఇస్తానంటున్నాడు. మన నర్సీపట్నం రాయట. 1 లక్షా 80 వేలు చెబుతున్నాడు. వీడియోలో పచ్చ నుంచి ఎరుపుకి భలే తిరుగుతోంది, పక్కన కాగితం లేదు. సర్టిఫికెట్ కార్డు ఉంది, లామినేషన్ చేసినది. తీసుకోవచ్చా?

పాత_మద్రాసు
రెండు క్యారెట్లు దాటి, పచ్చ నుంచి ఎరుపుకి భలేగా తిరిగే రాయి ఆ ధరకా? ఆగండి.

వేళచ్చేరి_కిట్టు
మన ఆంధ్రాలో దొరుకుతుందా ఇది?

నర్సీపట్నం_వాసు
దొరుకుతుంది. నేను ఆ ఊరివాణ్ణి, ఉద్యోగం ఒరగడంలో. తూర్పు కనుమల పొడుగునా, మా వైపు విశాఖ మన్యం నుంచి అటు ఒడిశా దాకా, రంగురాళ్ళున్నాయి. గొలుగొండ మండలం కరక పేరు పేపర్లలో మీరు చూసే ఉంటారు. వైడూర్యాలు, అలెగ్జాండ్రైట్లు రెండూ వస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లో దేవభోగ్ వైపు కూడా ఉన్నాయి.

కానీ ప్రసాద్ గారూ, మా వైపు రాయి అని చెప్పి అమ్ముతున్నాడంటే రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది, అది నిజంగా మా వైపుదేనా? రెండోది, నిజమైతే ఎలా వచ్చింది? అక్కడ తవ్వేది చాలావరకు రిజర్వు ఫారెస్టులో, రాత్రిపూట, అనుమతి లేకుండా. గుంత తీసి, దాన్లోంచి పక్కకి సొరంగంలా తొలుచుకుంటూ పోతారు. వాన పడితే పైనున్న మట్టి కూలుతుంది. అలా మన్యంలో మనుషులు పోయారు. తవ్వినవాడికి దక్కేది కూలి డబ్బులు, కేసైతే జైలు. లాభం మధ్యవర్తిది. ఆ రాళ్ళ గురించి ఎవరైనా గొప్పగా చెబితే నాకు గుంతల్లో దిగిన నా ఈడు కుర్రాళ్ళే గుర్తొస్తారు. బిల్లు లేని రాయి మీరు కొనొద్దు, చేతులు జోడించి అడుగుతున్నా.

వేళచ్చేరి_కిట్టు
వాసన్నా, కానీ మనం కొనకపోతే అది జైపూర్ పోయి అక్కడ్నుంచి విదేశాలకు పోతుంది. తవ్వకం ఆగదు కదా.

నర్సీపట్నం_వాసు
ఆగకపోవచ్చు కిట్టూ. నా డబ్బు ఆ గుంతలోకి పోకూడదు, అంతే నేను కోరేది. సర్కారు పద్ధతిగా లీజులిచ్చి, అక్కడివాళ్ళకే పని కల్పిస్తే మొదట కొనేది నేనే.

మాంబళం_శాస్త్రి
వాసు మాటకి నా ఓటు.

పాత_మద్రాసు
నాదీ. అయినా ఒక్క మాట, నర్సీపట్నం పేరు చెప్పి అమ్మేవాటిలో నర్సీపట్నం మొహం చూసినవి ఎన్నో నాకు అనుమానమే. పేరు ఊరికే తగిలిస్తారు, తెలుగువాళ్ళకి మనది అనగానే మనసు కరుగుతుందని.

పది_రెట్ల_అద్దం
ప్రసాద్ గారూ, ఆ కార్డు మీద ఏముందో చదవండి. ఖనిజం అన్నచోట క్రిసోబెరిల్ అని ఉందా? సహజం అని స్పష్టంగా ఉందా? రిపోర్టు నంబరు ఆ ల్యాబ్ వెబ్‌సైట్లో కొడితే అదే బరువు, అదే కొలతలు, అదే ఫొటో వస్తున్నాయా? ఈ మూడింటిలో ఒక్కటి తేడా వచ్చినా కార్డు కాగితంతో సమానం.

మీ విషయంలో అనురాధ గారి కంటే చిక్కు ఎక్కువ. ఎందుకంటే పచ్చ నుంచి ఎరుపుకి బాగా తిరిగే రాయిని ల్యాబ్‌లో కూడా పెంచుతారు, అదీ అసలు క్రిసోబెరిల్‌గానే. సాంద్రత అదే, వక్రీభవనం అదే, గట్టితనం అదే, వజ్రం 10 అయ్యే కొలతలో 8.5. పచ్చరాళ్ళ పరీక్షకి వాడే చెల్సీ ఫిల్టర్ అనే రంగు అద్దంలోంచి చూస్తే రెండూ ఎర్రగానే కనిపిస్తాయి, కాబట్టి దాంతో తేలదు. తేడా తెలిసేది లోపల చూస్తేనే. కరిగిన ద్రవంలోంచి పైకి లాగి పెంచినదైతే వంపు తిరిగిన సన్నని గీతలు, అప్పుడప్పుడు బుడగలు. ఫ్లక్స్‌లో, అంటే ఖనిజాన్ని కరిగించుకునే లవణాల ద్రవంలో పెంచినదైతే ఫ్లక్స్ మరకలు, ఒక్కోసారి మూసలోంచి వచ్చిన ప్లాటినం రేకులు. సహజమైనదాంట్లో సూదులు, అభ్రకం, మానిన పగుళ్ళు వేలిముద్రల్లా పరుచుకుని ఉంటాయి. అతినీల లైటు కింద సహజం మందంగా ఎర్రబడుతుంది, ల్యాబ్‌ది సాధారణంగా గట్టిగా వెలుగుతుంది, ఆ వెలుగుని అణిచే ఇనుము తక్కువ కాబట్టి. ఇవన్నీ కలిపి చూడాల్సినవి, ఒక్కదాన్ని పట్టుకుని తేల్చకూడదు. కళ్ళు చెదిరే శుభ్రతా, కళ్ళు చెదిరే మార్పూ, చవక ధరా మూడూ ఒకేచోట కలిశాయంటే నేను ముందు ల్యాబ్ పెంపకాన్నే అనుమానిస్తాను.

కొలత్తూరు_కుమారి
మా వీధి చివర స్కిన్ క్లినిక్ బోర్డు మీద అలెగ్జాండ్రైట్ లేజర్ అని రాసుంది. అవాంఛిత రోమాలకట. ఇదీ అదీ ఒకటేనా?

లెక్కల_మాస్టారు
ఒకటే కుమారి గారూ! ల్యాబ్‌లో పెంచిన అలెగ్జాండ్రైట్ కడ్డీలోంచి 755 నానోమీటర్ల లేజరు కిరణం వస్తుంది. వెంట్రుకల్లోని నల్లరంగు దాన్ని పీల్చుకుంటుంది. ఏ క్రోమియం రాయికి రంగు మార్పు ఇస్తోందో ఆ క్రోమియమే ఇక్కడ కిరణాన్ని పుట్టిస్తోంది. మీరడిగిన ప్రశ్న నా క్లాసులో చెప్పాల్సినంత బాగుంది, రేపు చెబుతాను.

కొలత్తూరు_కుమారి
అయ్యో, మా అమ్మాయి నమ్మదు నేనడిగానంటే :)

తిరువాన్మియూర్_ఫొటో
ఇంత అరుదు అంటారు, మరి ప్రతి కొట్లోనూ ఉన్నట్టు మాట్లాడతారు. నిజంగా ఎంత అరుదు?

పది_రెట్ల_అద్దం
అరుదుదనం ఎక్కడ మొదలవుతుందో చూడండి. బెరీలియం ఉండేది గ్రానైటు నుంచి వచ్చే పెగ్మటైటు రాళ్ళలో. క్రోమియం ఉండేది భూమి లోతుల నుంచి వచ్చిన ముదురు రాళ్ళలో. ఈ రెండూ మామూలుగా ఒకదాన్నొకటి చూడవు. ఒకటి వెళ్ళి రెండోదాన్ని చీల్చుకుని పోయినచోటే కలుస్తాయి. అలా కలిసినా, అక్కడ సిలికా ఎక్కువుంటే బెరీలియం దానితో చేరి పచ్చరాయి అయిపోతుంది. సిలికా తగ్గిన చోటే క్రిసోబెరిల్. ఉరల్‌లో పచ్చల గనుల్లోనే ఇది ఎందుకు బయటపడిందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఆ రష్యా గనులు 19వ శతాబ్దంలోనే చాలావరకు తగ్గిపోయాయి. తర్వాత శ్రీలంక ఏటి కంకరలో రాళ్ళు వచ్చాయి, పెద్దవి, రంగు కొంచెం ఆలివ్ పచ్చ వైపు. వాషింగ్టన్ స్మిత్సోనియన్ మ్యూజియంలో 65 క్యారెట్లు దాటిన శ్రీలంక రాయి ఉంది. 1987లో బ్రెజిల్ మినాస్ జెరైస్‌లో హెమటీటా అనే చోట మేలురకం బయటపడింది, దాంతో మార్కెట్ మళ్ళీ లేచింది. టాంజానియా, మడగాస్కర్, మన దేశం తర్వాతి వరసలో. దొరికినవాటిలోనూ ఎక్కువ భాగం చిన్నవి, లోపల మబ్బుగా ఉన్నవి, మార్పు అంతంతమాత్రం ఉన్నవి. శుభ్రంగా ఉండి, నిండుగా రంగు తిరిగి, ఒక క్యారెట్ దాటిన రాయి నా వృత్తిలో చేతికి రావడం పండగే.

పాత_మద్రాసు
ధర మాట కూడా చెప్పేయండి, అందరూ దానికోసమే చూస్తున్నారు.

పది_రెట్ల_అద్దం
ఒక్క ధర లేదు పెద్దాయనా. మొదట చూసేది రంగు ఎంతమేర మారుతుందని. పచ్చ నుంచి ఎరుపుకి పూర్తిగా తిరిగేదానికీ, పచ్చ నుంచి గోధుమరంగుకి కొంచెం జరిగేదానికీ ఒకే బరువు దగ్గర పదుల రెట్ల తేడా రావచ్చు. ఆ తర్వాత శుభ్రత, ఆ తర్వాత పరిమాణం. ఒక క్యారెట్ దాటాక క్యారెట్ ధరే పైకి దూకుతుంది. మేలురకం క్యారెట్‌కి పదివేల డాలర్లు దాటడం అంతర్జాతీయ మార్కెట్లో మామూలే, రష్యా, బ్రెజిల్ పుట్టుక అని పేరున్న ల్యాబ్ రాసిస్తే ఇంకా పైకి. మార్పు బలహీనంగా ఉన్న చిన్న రాయి కొన్ని వేల రూపాయలకి కూడా దొరుకుతుంది, అదీ నిజమైన అలెగ్జాండ్రైటే. కాబట్టి అలెగ్జాండ్రైట్ అన్న ఒక్క మాటకి ధర కట్టొద్దు.

లెక్కల_మాస్టారు
అనురాధ గారూ, ల్యాబ్‌కి పంపేముందు ఇంట్లోనే కురువిందమో క్రిసోబెరిలో కొంతవరకు తేల్చుకోవచ్చు, రాయిని ఉంగరంలోంచి తీయించగలిగితే. మిల్లీగ్రాము దాకా చూపించే త్రాసు కావాలి, ఆచారి దగ్గరో, ఏ కాలేజీ ల్యాబ్‌లోనో ఉంటుంది. ముందు రాయిని పొడిగా తూచండి. తర్వాత సన్నని నైలాన్ దారంతో కట్టి గ్లాసులో నీళ్ళలో పూర్తిగా మునిగేట్టు వేలాడదీసి తూచండి, అడుగుకీ గోడకీ తగలకూడదు, రాయికి ఒక్క బుడగ కూడా అంటుకోకూడదు. నీళ్ళలో ఒక్క చుక్క సబ్బు వేస్తే బుడగలు పట్టవు. దారం బరువు ముందే తీసేయండి. పొడి బరువుని తగ్గిన బరువుతో భాగించండి.

మీ రాయి 620 మిల్లీగ్రాములు, అంటే 3.1 క్యారెట్లు అనుకుందాం. నీళ్ళలో 155 తగ్గితే 4.0 వచ్చింది, కురువిందం. 166 తగ్గితే 3.73, క్రిసోబెరిల్. తేడా 11 మిల్లీగ్రాములే, అందుకే మామూలు నగల త్రాసు చాలదు.

పాత_మద్రాసు
మాస్టారూ, ఇంట్లో ఇవన్నీ ఎందుకు? ఆ పాత ఉంగరంలోంచి రాయి తీసేటప్పుడు అంచు పగిలితే? నేరుగా ల్యాబ్‌కి పంపించేయడం మేలు.

లెక్కల_మాస్టారు
ల్యాబ్‌కి పంపినా బరువు కచ్చితంగా రాయాలంటే తీయాల్సిందే. మంచి ఆచారి చేతిలో పెట్టండి, మీరు పక్కన కూర్చోండి, అంతే.

పది_రెట్ల_అద్దం
సాంద్రత కురువిందమా కాదా చెబుతుంది మాస్టారూ, కురువిందమైతే సహజమా సింథటిక్కా మాత్రం చెప్పదు. రెండింటికీ 4.0యే. దానికి పది రెట్ల అద్దం కింద చూడాలి, ఇంకా బాగా కావాలంటే మైక్రోస్కోపు. అనురాధ గారూ, జైపూర్‌లో జీటీఎల్ అని పేరున్న రత్నాల పరీక్షశాల (ఇప్పుడు ఐఐజీజే-ఆర్ఎల్‌సీ) రంగురాళ్ళకి పాత ల్యాబ్, ముంబైలోనూ మంచివి ఉన్నాయి. ఎక్కడికి పంపినా అమ్మేవాడితో, కొనేవాడితో సంబంధం లేని ల్యాబ్ చూసుకోండి.

అన్నానగర్_అనురాధ
అందరికీ కృతజ్ఞతలు. మాంబళంలో మా పుట్టింటివాళ్ళకి తెలిసిన ఆచారి ఉన్నారు, ఆయన దగ్గర తీయిస్తాను. ఆడపడుచులిద్దరినీ రమ్మన్నాను, వాళ్ళ ముందే తూచాలని.

పల్లావరం_ప్రసాద్
మావాడి సంగతి. కార్డు మీద ఖనిజం పేరు లేదు, రంగు మారే సహజ రాయి అని మాత్రం ఉంది. నంబరు ఎక్కడా దొరకలేదు. ల్యాబ్‌కి పంపి, నిజమైతే ఫీజు నేనే పెట్టుకుని కొంటానన్నాను. ల్యాబ్‌లో మెషిన్ల కింద పెడితే రాయి శక్తి పోతుందన్నాడు! వద్దన్నాను. లక్షా 80 వేలు ఇంట్లోనే ఉన్నాయి.

మాంబళం_శాస్త్రి
శక్తి పోయేది వాడి వ్యాపారానికి. మంచిపని చేశారు.

నర్సీపట్నం_వాసు
బాగుంది ప్రసాద్ గారూ, చాలా సంతోషం.

అన్నానగర్_అనురాధ
ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ముందు తూకం సంగతి: మాస్టారు చెప్పినట్టే ఆచారి గారి దగ్గర తూచాం, లెక్క 4 దగ్గరికి వచ్చింది. పెద్దాడపడుచు మొహం పడిపోయింది, సింథటిక్కే అనుకుంది. నేను అద్దం గారి మాట గుర్తుచేసి పంపిద్దామన్నాను.

రిపోర్టులో సహజ కురువిందం, రంగు మారే నీలం అని ఉంది. రంగు మెరుగుపరచడానికి వేడి చేసిన ఆనవాళ్ళు లేవని కూడా రాశారు. 3.04 క్యారెట్లు. అలెగ్జాండ్రైట్ కాదు, కొలిమి రాయీ కాదు. మావయ్య కొన్నప్పుడు కొలంబో కొట్టువాడు ఏం చెప్పాడో గానీ అత్తయ్య కాగితం రెండుసార్లు చదివించుకున్నారు.

పది_రెట్ల_అద్దం
చాలా ఆనందంగా ఉంది. లోపల తిన్నని రంగు పట్టీలు కోణాలు తిరుగుతూ ఉండి ఉంటాయి, లేదా సిల్కు అనే, పట్టులా మెరిసే సన్నని సూదులు. కొలిమి కురువిందంలో గీతలు వంపుగా పోతాయి, తిన్నగా కోణం తిరగవు. వేడి చేయని శ్రీలంక రంగుమారే నీలానికి తన విలువ తనకుంది. మొదటి కొట్టు చెప్పిన సున్నా కాదు, రెండో కొట్టు చెప్పిన పేరూ కాదు. రిపోర్టు ఉంగరంతో పాటు పెట్టి, మూడు కాపీలు తీసి ఇంట్లో ముగ్గురి దగ్గరా ఉంచండి. మళ్ళీ పొదిగించేటప్పుడు వెనక తెరిచే ఉంచమనండి.

వేళచ్చేరి_కిట్టు
అంటే 60 వేలు తక్కువే కదా! నేను చెప్పానా లేదా?

పాత_మద్రాసు
నువ్వు చెప్పింది ఆరు లక్షలు. సగం మార్కులు.

కొలత్తూరు_కుమారి
మా అమ్మాయి జూన్‌లో పుట్టింది. జూన్ రాళ్ళు ముత్యం, చంద్రకాంతం, ఇదీ అని చదివాను. అసలుది మా వల్ల కాదు. ల్యాబ్‌లో పెంచిన అలెగ్జాండ్రైట్ కొనిస్తే తప్పా? కాలేజీకి రోజూ పెట్టుకుంటుంది.

పది_రెట్ల_అద్దం
తప్పేముంది కుమారి గారూ. జూన్ జాబితాలో దీన్ని చేర్చింది 1952లో అమెరికా నగల వర్తకులు, దానికి మన పద్ధతులతో సంబంధం లేదు. రంగు మార్పు నిండుగా ఉంటుంది, గట్టితనం 8.5, రోజువాడుకకి నిక్షేపంగా ఆగుతుంది. కానీ రంగు మారే సింథటిక్ కురువిందాన్ని ల్యాబ్ అలెగ్జాండ్రైట్ అని ఇచ్చేస్తారు, అది చాలా చవక సరుకు. బిల్లు మీద ల్యాబ్‌లో పెంచిన క్రిసోబెరిల్ అని రాసివ్వమనండి. రాయడానికి వెనకాడితే పక్క కొట్టుకి వెళ్ళండి.

కొలత్తూరు_కుమారి
శనివారం సాయంత్రం షావుకారుపేట వెళ్దామనుకుంటున్నాం.

పది_రెట్ల_అద్దం
సాయంత్రం వద్దు, పొద్దున పదకొండింటికి వెళ్ళండి. కొట్టు బయటికి తెచ్చి పగటి వెలుగులో చూసుకోండి, సంచిలో ఒక కొవ్వొత్తీ అగ్గిపెట్టే వేసుకెళ్ళండి.